రెండొందల పదమూడో మనిషి

చూడండి, నేను అబద్ధం ఆడను. ఉన్నదాన్ని కాస్త పెంచి చెబుతాను, అంతే. పెంచడానికీ ఆడడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఒక పొద్దున టీ కొట్టు దగ్గర తెలిసొచ్చింది. అది తెలిశాక మళ్ళీ ఆ బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చోడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. అయినా నేనే చెప్పేస్తాను, ఎందుకంటే ఇది లెక్కల మాస్టారు చెబితే మరీ ఉన్నదున్నట్టు చెబుతారు, అప్పుడు నా పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉంటుంది.

నేను పనిచేసేది కంటాస్పత్రిలో, కంప్యూటరు ముందు. ఆస్పత్రికి ఎదురుగానే బాబాయి టీ కొట్టు. బాబాయి నాకు చుట్టమేం కాదు, వీధిలో అందరికీ బాబాయే. ఆ పొద్దున పదింటికి నేను వెళ్ళేసరికి మాస్టారు బెంచీ ఆ చివర కూర్చుని పేపరుని చేతులు బారజాపి పట్టుకున్నారు. ఈ చివర టైలరక్క కూర్చుంది. ఆవిడ కొట్టు టీ కొట్టుకి ఆనుకునే ఉంటుంది, స్కూలు యూనిఫాంలన్నీ ఆవిడ చేతి కుట్టే. ఆవిడ ఎదురుగా తోపుడు బండి మీద కుట్టుమిషను, నాలుగు పక్కలా తాళ్ళు బిగించి ఉంది.

"ఏంటక్కా, మిషను రిపేరుకా?" అన్నాను.

"మిషనుకేం తమ్ముడూ, అది బంగారంలా ఉంది. రిపేరు నాకే," అంది. "కొత్త కళ్ళజోడు పెట్టినా సూదిలోకి దారం పోవట్లేదు. పెడితే ఇంకా మసకగా ఉంది. మొన్న ఎవరిదో చొక్కాకి జేబు తలకిందులుగా కుట్టాను. డాక్టరమ్మ రాసిన అద్దాలకే లొంగలేదంటే ఇంక నా కళ్ళ పని అయిపోయినట్టే కదా? మా చెల్లెలి కూతురికి పంపేస్తున్నా. పన్నెండింటి బస్సు మీద వేస్తామన్నారు."

ముప్ఫై ఏళ్ళు తొక్కిన మిషను అది. అక్క మాట్లాడుతూనే దాని చక్రం మీద చెయ్యి వేసి ఉంచింది.

అప్పుడు నేను ఏమనాలి? "ఏదక్కా, ఆ కళ్ళజోడు ఇలా ఇవ్వు, ఒకసారి ఫైల్లో చూస్తాను" అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేసి, ఆవిడకి సగం వీపు పెట్టి కూర్చుని, "బాబాయ్, ఒక టీ! మాస్టారూ, వార్త చూశారా, మన ఏటి మీద గాజు వంతెన కడుతున్నారట, కింద చేపలు కనబడతాయట!" అన్నాను.

మాస్టారు పేపరు ఇటు తిప్పి అటు తిప్పారు. "ఏ పేపరోయ్ నీది? నిన్నేమో పోస్టాఫీసులోకి ఏనుగొచ్చి స్టాంపులు తినేసిందన్నావు. అంతకు ముందేమో సముద్రం పది అడుగులు వెనక్కి పోయిందన్నావు. ఇందులో అలాంటివేం లేవు."

"మా ఇంటికొచ్చేదీ ఇదే పేపరండీ. నేను గడ్డం గీసుకుంటుంటే మా అత్తగారు రోజూ పైకి చదువుతారు. ఆవిడ అబద్ధం చదువుతారా?"

"ఆ వంతెనల సంగతి తర్వాత," అన్నాడు బాబాయి టీ వడపోస్తూ. "ముందు నాకో సంగతి చెప్పు అబ్బాయ్. మీ ఆస్పత్రిలో కళ్ళజోళ్ళ లిస్టు ఎవరు ఎక్కించారు? కొత్తది పెట్టుకున్నా నాకు రోడ్డు మీద బస్సు నంబరు కనబడట్లేదు."

"అలవాటవ్వాలి బాబాయ్. పది రోజులు పెట్టుకో."

"నలభై రోజులైంది."

చూశారా, అక్కడ దొరికిపోయాను. దొరికిపోయిన ప్రతిసారీ నేను చేసే పని ఒకటే, కోతలు మొదలెట్టడం. గొంతు దానంతట అదే లేస్తుంది.

"ఎవరు ఎక్కించారని అడుగుతున్నావా? నేను! ఈ చేతులు! నీకు అసలు సంగతి తెలియదు బాబాయ్, ఆ రోజు కళ్ళ పరీక్షలకి ఎంతమంది వచ్చారు? రెండొందల పన్నెండు మంది. వరసలో ఎవరు ముందొస్తే వాళ్ళది ముందు నంబరు. పేరు, కుడికన్ను పవరు, ఎడమకన్ను పవరు, మనిషికో వరస చొప్పున నర్సమ్మ వర్డ్ ఫైల్లో పెద్ద టేబుల్ కొట్టి పెట్టింది. అది అక్కడుంటే లాభం లేదు, డేటాబేసులోకి ఎక్కాలి. ఎక్కితేనే అద్దాలు అరగదీసే వర్క్‌షాపు వాళ్ళకి కనబడుతుంది, వాళ్ళు అది చూసే అందరికీ ఒకే రకం నల్ల ఫ్రేముల్లో బిగించి పంపుతారు. నర్సమ్మ ఏమంది? ఒక్కొక్కటే టైపు చేస్తే మూడు వారాలు పడుతుందంది. నేనేం చేశాను? ఒక్క పూటలో లేపేశాను. ఒక్క తప్పు లేదు!"

ఇక్కడిదాకా కాస్త నిజమే. ఒక్క పూట అన్నది నిజం. ఇక్కడ ఆపేసి ఉంటే బాగుండేది.

"ఒక్క పూటలోనా?" అన్నాడు బాబాయి.

"పూటేంటి, నీ టీ చల్లారేలోపు! నిజం, ఇదే గ్లాసు పక్కన పెట్టుకున్నాను, పని అయ్యాక తాగితే నాలుక కాలింది. నా వేళ్ళు ఆ కీబోర్డు మీద తిరుగుతుంటే లేచిన గాలికి ఎదుటి బల్ల మీద కాయితాలు ఎగిరిపోయాయి. వాచ్‌మన్ వచ్చి, 'సార్, మీరున్న గదిలో ఫ్యాను దండగ' అని స్విచ్ ఆపేశాడు. ఆపినా అది తిరుగుతూనే ఉంది, నా చేతి గాలికి!"

బాబాయి నవ్వాడు. మాస్టారు పేపరు దించారు. నా వెనక అక్క మాత్రం నవ్వలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి చీరంచుతో తుడుచుకోవడం నాకు కంటి కొసన కనబడింది. తుడిస్తే బాగుపడుతుందేమోనని చూస్తోంది. అందుకని ఇంకాస్త గట్టిగా అరిచాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్యూటరు నాతో మాట్లాడింది! 'అయ్యా, కాస్త నెమ్మది, నేను అందుకోలేకపోతున్నాను' అని తెర మీద రాసింది. నేను వింటానా? కీబోర్డు వేడెక్కి అక్షరాలు కరిగి నా వేళ్ళకి అంటుకున్నాయి, వారం రోజులు ఏ కాయితం ముట్టుకుంటే దాని మీద అక్షరాలు పడ్డాయి. ఆ దెబ్బకి పక్క ఆఫీసుల్లో ఆపేసి ఉన్న కంప్యూటర్లు కూడా వాటంతట అవే లేచి కూర్చున్నాయి. రాజధాని నుంచి ఇంజనీర్లు వ్యానేసుకొచ్చారు, పదిమంది! 'ఎవరా మహానుభావుడు, చెయ్యి చూపించండి' అన్నారు. చూపించాను. ఒకాయన టేపు పెట్టి కొలిచాడు, ఇంకొకాయన ఫొటో తీశాడు, వాళ్ళ పెద్దాయనైతే కళ్ళనీళ్ళు పెట్టుకుని 'బాబూ, ఈ చూపుడువేలు మా మ్యూజియానికి రాసిస్తావా' అన్నాడు!"

"రాసిచ్చావా?" అన్నారు మాస్టారు.

"పని ఉందండీ దీంతో అన్నాను. అసలు కష్టం మీకింకా చెప్పలేదు! వర్డులోంచి ఆ టేబుల్ ఎత్తి షీటులో దింపితే, పవర్ల గళ్ళలో పదిహేడో మనిషి కింద ఖాళీలు అడ్డొచ్చాయి. డేటాబేసు ఖాళీ గళ్ళు తీసుకోదు. ఇంకొకడైతే అక్కడే ఏడుస్తూ కూర్చునేవాడు. నేను లేచి నిలబడి ఆ గళ్ళకేసి చూసి, 'జరగండి పైకి!' అన్నాను. ఒక్క అరుపు! కిందున్న పవర్లన్నీ సైన్యంలాగా లేచి ఒక మెట్టు పైకి ఎక్కి నిలబడ్డాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పని ఎంత జోరు మీద సాగిందంటే మనుషులు పెరిగారు! పోసింది రెండొందల పన్నెండు మందిని, అటు తేలింది రెండొందల పదమూడు! నా చేతి చలవకి కంప్యూటర్లో ఒక మనిషి పుట్టాడు! డాక్టరమ్మకి కూడా సాధ్యమా అది?"

బాబాయి పడీపడీ నవ్వుతున్నాడు. నేనూ నవ్వుతున్నాను. మాస్టారు నవ్వట్లేదు.

"ఆగాగు," అన్నారాయన. "ఎంతమందిని పోశావు?"

"రెండొందల పన్నెండు."

"ఎంతమంది తేలారు?"

"పదమూడు. రెండొందల పదమూడు."

"పైకి జరిగినవి ఏవి? పేర్లా, పవర్లా?"

"పవర్లే మాస్టారూ. పేర్లెందుకు జరుగుతాయి, వాటిలో ఖాళీలేం లేవుగా."

ముప్ఫయ్యారేళ్ళు పిల్లల చేత లెక్కలు చేయించిన మనిషి కదా, జేబులోంచి పెన్ను తీసి పేపరు అంచు మీద రెండు నిలువు గీతలు గీశారు. "ఆ పదిహేడో మనిషి ఎవరు?"

చెప్పక తప్పలేదు. పదిహేడోవాడు వడ్రంగి. ఊళ్ళో అదే పేరుతో ఇద్దరు వడ్రంగులున్నారు. అందుకని నర్సమ్మ అతని పేరు కొట్టి, అదే గడిలో ఎంటర్ నొక్కి, కింది లైన్లో 'పొడుగాయన' అని గుర్తు రాసింది. షీటులో దింపేసరికి ఆ ఒక్క గడి రెండు గళ్ళయింది. పేరు ఒక వరసలో, 'పొడుగాయన' దాని కింది వరసలో. పవరు మాత్రం ఒక్కటే కాబట్టి దాని కింద ఖాళీ. నేను ఆ ఖాళీని చెరిపేసి మిగతా పవర్లన్నిటినీ పైకి జరిపాను.

"అంటే," అన్నారు మాస్టారు పెన్ను కిందికి జరుపుకుంటూ, "పద్ధెనిమిదో మనిషి పవరు పొడుగాయనకి. పంతొమ్మిదో మనిషిది పద్ధెనిమిదికి. ఇరవైది పంతొమ్మిదికి. అక్కణ్ణించి చివరిదాకా ప్రతివాడికీ వాడి వెనక నిలబడ్డవాడి అద్దాలు. అంతేనా?"

టీ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"మరి చివరాయన వెనక ఎవరూ లేరు కదా. ఆయనకేం పెట్టావు?"

"డేటాబేసు ఖాళీ తీసుకోదండీ," అన్నాను. "సున్నా కొట్టాను."

"చివరాయన ఎవరు?"

నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. మాస్టారు కళ్ళజోడు తీసి పేపరు మీద పెట్టి అటూ ఇటూ జరిపారు. కింద అక్షరం పెరగలేదు, తరగలేదు, కదల్లేదు. కిటికీకి బిగించే గాజు అది.

"నేను అడగడానికొస్తే ఏమన్నావోయ్? 'మాస్టారూ, మీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, అందుకే సున్నా' అన్నావు. నేను నమ్మి ఇంటికెళ్ళి మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. చేతులు బారజాపినా పెద్దక్షరాలు తప్ప కనబడక చస్తూ, ఆ మాట ఎవరితో అనడానికీ నామోషీ అయి ఊరుకున్నాను."

మొదటి వారంలోనే పదకొండు మంది కనబడట్లేదంటూ వచ్చారు, నేను చెప్పకూడదు గానీ చెబుతున్నాను. అందరికీ 'అలవాటవుతుంది' అన్నాను. డాక్టరమ్మ రెండు నెలలకొకసారి వస్తుంది, ఆవిడ వచ్చేలోగా నిజంగానే అలవాటైపోతుందేమోనని నాకొక ఆశ. 'పొడుగాయన' పేరు మీద వచ్చిన కళ్ళజోడు తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు, అది నా బల్ల సొరుగులోనే ఉంది. రోజూ పెన్ను కోసం సొరుగు తీసినప్పుడల్లా కనబడేది. కనబడినప్పుడల్లా మూసేసేవాణ్ణి. తప్పు జరిగిందని తెలియదని చెప్పలేను. తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను.

అప్పుడు వెనక నుంచి అక్క గొంతు. "బాబాయ్, ఆ రోజు వరసలో నా వెనక నిలబడ్డది నువ్వే కదూ? ఎండగా ఉందని నీ తువ్వాలు నాకిచ్చావు."

బాబాయి వడపోత గుడ్డ పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. అక్క ముక్కు మీది కళ్ళజోడు తీసి ఇచ్చింది, ఆయన పెట్టుకున్నాడు. పెట్టుకుని రోడ్డుకేసి చూశాడు. తర్వాత మలుపు దగ్గర ఆగిన బస్సు నంబరు చదివాడు, దాని వెనక రాసి ఉన్న ఊరి పేరు చదివాడు, మా ఆస్పత్రి బోర్డు కింద మూలన పెయింటరు సంతకం ఉందే, అది కూడా చదివాడు.

"అయితే నా కళ్ళు పోలేదా?" అంది అక్క. ఆ మాట నాతో అనలేదు, మిషనుతో అన్నట్టుగా అంది. తర్వాత నాకేసి తిరిగింది. "నా ముందు ఎవరున్నారు తమ్ముడూ? నావి ఎవరి దగ్గరున్నాయి?"

నలభై మూడో నంబరు అక్క. నలభై రెండు ఎవరో తెలియడానికి నేను ఫైలు చూడక్కర్లేదు. ఆ రోజు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరసలో నిలబెట్టింది నేనే.

"మా అత్తగారు," అన్నాను.

భూమి చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది. ఎవరూ తిట్టలేదు, అది ఇంకా ఘోరం. మాస్టారు గడియారం చూసి, "పదకొండు కావస్తోంది. బస్సు పన్నెండింటికి," అన్నారు, అంతే. లేచి పరిగెత్తాను. రెండు వీధులు. నా జన్మలో నేను పెంచి చెప్పకుండా పరిగెత్తింది ఆ ఒక్కసారే.

అత్తగారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఒళ్ళో పొద్దుటి పేపరు. పాత కళ్ళజోడు అద్దాలు సీసా అడుగంత మందంగా ఉండేవి, అవి పగిలిపోబట్టే ఆ రోజు పరీక్షకి తీసుకెళ్ళాను. కొత్తవి పల్చగా వచ్చాయి. "చూశారా అత్తయ్యగారూ, ఇప్పటి పనితనం, ఎంత తేలికో!" అని పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించాను. ఇప్పుడు ఆ పల్చటి అద్దాలకేసి చూస్తూ గుమ్మంలో నిలబడ్డాను.

"అత్తయ్యగారూ, ఆ కళ్ళజోడు..."

నేను మాట పూర్తి చెయ్యకముందే ఆవిడ తీసి చేతికిచ్చేశారు. "ఇవి ఎవరివో తెలిసిందా బాబూ?" అన్నారు.

"మీకు తెలుసా, అవి మీవి కావని?"

"పెట్టుకున్న రోజే తెలిసింది. అక్షరం ముక్క కనబడితే కదా."

"మరి రోజూ పేపరు..."

ఆవిడ ఒళ్ళో పేపరు మడత సరిచేసుకున్నారు. "మీరు ఆ సాయంత్రం పక్కింటివాళ్ళందరి ముందు చెప్పారుగా, ఒక్క తప్పు లేకుండా ఎక్కించానని. నాకు కనబడట్లేదంటే మీ మాట పోదూ? అందుకని ఏదో తోచింది చదివేదాన్ని. నిన్నటి ఏనుగు కాస్త ఎక్కువైంది కదూ? మీరు నమ్మేశారు. ఇవాళ వంతెన చెబుతుంటే నాకే నవ్వొచ్చింది."

నలభై రోజులు. నేను గడ్డం గీసుకుంటూ "ఆఁ, ఆఁ, తర్వాత?" అంటుంటే, ఆ పెద్దావిడ కనబడని కాయితం ముందు పట్టుకుని, నా పరువు కోసం సముద్రాన్ని పది అడుగులు వెనక్కి జరిపింది. నేను నా కోసం కోసిన కోతలన్నీ కలిపినా ఆ ఒక్కదానికి సరిపోవు. కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆవిడే, "వెళ్ళండి, వాళ్ళెవరో ఎదురుచూస్తుంటారు," అన్నారు.

తిరిగొచ్చేసరికి బండి అతను చక్రం అడ్డు తీసి సిద్ధంగా ఉన్నాడు. కళ్ళజోడు అక్క చేతిలో పెట్టాను. ఆవిడ పెట్టుకుని, జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి, దారం కొస తడిపి, ఎత్తి పట్టుకుంది. పాలు పొంగి స్టవ్వు మీద పడుతున్నా బాబాయి కదల్లేదు. దారం మొదటిసారే దూరింది. అక్క దాన్ని బయటికి లాగేసింది. మళ్ళీ దూర్చింది. మళ్ళీ లాగేసి, మూడోసారి కూడా దూర్చింది, అప్పుడు ఏడ్చింది. బండి అతను ఏమీ అడక్కుండా తాళ్ళు విప్పడం మొదలెట్టాడు.

నన్ను కొట్టినా బాగుండేది. అక్క కళ్ళు తుడుచుకుని, నావైపు చూసి, నేను రోజూ అడిగే మాటే అడిగింది.

"ఊఁ, చెప్పు తమ్ముడూ. ఆ తర్వాత ఏమైంది?"

"ఏమీ అవ్వలేదక్కా. తప్పు నాది. సొరుగులో పొడుగాయన కళ్ళజోడు ఉంది, అది పద్ధెనిమిదో మనిషిది. దాంతో మొదలెట్టి, ఒక్కో ఇంటికీ వెళ్ళి, ఒకరివి తీసి వెనకవాళ్ళకిస్తూ, ఒప్పుకుంటూ వెళ్తాను. ఇంకా నూట తొంభై నాలుగు మంది ఉన్నారు."

మాస్టారు పేపరు అంచు మీది గీతలు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టారు.

"నూట తొంభై మూడు," అన్నారు. "బాబాయివి ఆయనకి వచ్చేశాయి. ఇందులో కూడా ఒకటి పెంచకు."